రౌటరు బల్లకు దుమ్ముగొట్టము

బాడిసతో చెక్కినపుడు పేళ్లు రాలును. చిత్రిక పట్టినపుడు పొరలు చుట్టలు చుట్టలుగా లేచును. ఉలి వేసినపుడు తునకలు పడును. ఇవన్నియు పనివాని కాళ్లకడనే పడియుండును. సాయంకాలమున చీపురుతో ప్రోగుచేసి పొయ్యిలోనికి వాడుకొందురు. మన వడ్రంగులు తరతరములుగా ఎఱిగిన చెత్త యిది. దీనిని గూర్చి యెవరును ప్రసంగింప నక్కఱలేదు. కాని కొన్ని దశాబ్దములుగా కరెంటుతో తిరుగు పనిముట్లు పల్లెలకును వచ్చినవి. వానిలో రౌటరు ఒకటి. అది వచ్చినపిమ్మట వడ్రంగిసాలలోని చెత్త జాతియే మారినది. కాళ్లకడ పడునది పోయి గాలిలో తేలునది వచ్చినది. దీనిని చీపురుతో ఊడ్చుట కష్టము, ఊడ్చినకొలది లేచును.

కదిరినుండి మదనపల్లెకు పోవు దారిలోనున్న తనకల్లును దృష్టాంతముగా తీసికొందము. చిరకాలము అనంతపురము జిల్లాలోని ఊరిది. 2022వ సంవత్సరమునుండి శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినది. జిల్లా పేరు మారినను నేల మారలేదు, వాన మారలేదు. ఈ సీమలో సాలుకు కురియు వర్షము సగటున సుమారు 550 మిల్లీమీటర్లు. సంవత్సరములో పెక్కుదినములు గాలి పొడిగనే యుండును. కోస్తాలోవలె తేమకు బరువెక్కి దుమ్ము అణగియుండుట ఇచ్చట తక్కువ. మఱియొక సంగతి: ఇట్టి ఊళ్లలో వడ్రంగిసాలయనగా వేఱుగ కట్టిన కట్టడము కాదు, ఇంటి వసారాయే, లేదా వీధివైపు గదియే పని చేయు తావగుచున్నది. గోడ కావల వంటయిల్లు, ఊయల, పెద్దల మంచము. పనివాడు దుమ్మును పనిచేసినంతసేపే పీల్చును; ఇంటిలోనివారు రేయింబవళ్లు పీల్తురు. కావున ఈ దుమ్మును పుట్టినచోటనే పట్టుకొను ఉపాయము వడ్రంగి యొక్కనికే కాక ఇల్లాలికిని తెలియదగినదని మా యభిప్రాయము.

ముందుగ రౌటరన నేమో చెప్పవలెను. ఒక చిన్న మోటారు. దాని కొనయందు బిగించిన ఉక్కు బిట్టు. ఆ బిట్టునకు సామాన్యముగ రెండు అంచులుండును. మోటారు నిముషమునకు 10,000 మొదలుకొని 24,000 చుట్ల వఱకు తిరుగును. దానిని తలక్రిందులుగా ఒక బల్ల అడుగున వ్రేలాడదీసి, బిట్టు మాత్రము బల్లమీది కన్నమునుండి పైకి కనబడునట్లు బిగించినచో అది రౌటరు బల్ల యగును. కఱ్ఱను ఆనించి తోయుటకు బిట్టు వెనుక ఒక పట్టె అడ్డముగా ఉండును. దానిని మే మిచ్చట ఆనుపట్టె యనుచున్నాము. తలుపు చట్రములకు అంచు తీయుట, పలకలలో గాడి తీయుట, ఫోటో చట్రములకు వంపులు తీయుట, అన్నియు ఈ బల్లమీద త్వరగను నునుపుగను జరుగును. చేతి చిత్రికతో పూటంతయు పట్టు పని గడియలో ముగియును.

ఆ వేగమే దుమ్మునకు మూలము. లెక్క వేసి చూడుడు. మోటారు నిముషమునకు 20,000 చుట్లు తిరిగినచో, రెండంచుల బిట్టు ఆ నిముషములో 40,000 కోతలు కోయును. అదే నిముషములో మనము కఱ్ఱను 3 మీటర్లు తోసితి మనుకొందము. ఒక్కొక్క కోతకు వచ్చునది మిల్లీమీటరులో పదుమూడవ వంతు. చిత్రిక లేపినట్టి పొర యెక్కడ, ఈ పొడి యెక్కడ! అంతేకాదు. 25 మిల్లీమీటర్ల వెడల్పుగల బిట్టు అంచు ఆ వేగమున గంటకు సుమారు 94 కిలోమీటర్ల వడితో కదలును. దారిలో పోవు బస్సు వేగముతో పొడిని విసరుచున్నదన్నమాట. ఒకసారి విసరబడినదానిని దూరమునుండి పీల్చుకొందమన్న అది చిక్కదు. ఈ మాట జ్ఞప్తియం దుంచుకొనవలెను. తరువాత చెప్పబోవు ఏర్పాట్లన్నియు దీనిమీదనే ఆధారపడియున్నవి.

కిటికీ సందునుండి పడు ఎండలో మెఱయుచు తేలాడు రేణువును మన పూర్వులు త్రసరేణువని పిలిచి, తూనికల లెక్కకు అదియే తొలిమెట్టుగ పెట్టుకొనిరి. కంటికి కనబడువానిలో అది మిక్కిలి చిన్నది. ఊపిరితిత్తుల అడుగువఱకు పోవు దుమ్ము అంతకంటె చిన్నది. మిల్లీమీటరులో వేయవవంతును మైక్రాను అందురు. తలవెండ్రుక మందము సుమారు 70 మైక్రానులు. 10 మైక్రానులకు లోబడిన రేణువులు ముక్కు గడచి లోనికి పోగలవు, 2.5 మైక్రానులకు లోబడినవి ఊపిరితిత్తుల కట్టకడపటి తిత్తులను చేరగలవు. 10 మైక్రానుల కఱ్ఱపొడి రేణువు మనిషి ముక్కు ఎత్తునుండి నేలకు దిగుటకు, గాలి కదలని గదిలో పది పండ్రెండు నిముషములు పట్టును. 1 మైక్రాను రేణువునకు అర్ధదినమునకు పైగ పట్టును. యంత్ర మాపితిమి, దుమ్ము అణగినది, ఇక పిల్లలు లోనికి రావచ్చునని తలచుట ఎంత పొరపాటో దీనినిబట్టి గ్రహింపవచ్చును.

వృత్తులకును రోగములకును గల సంబంధమును తెలుపు గ్రంథమును ఇటలీ దేశపు వైద్యుడు బెర్నార్డినో రమజ్జీని 1700లో ప్రకటించెను. ధాన్యము జల్లెడపట్టువారిని దుమ్ము ఎట్లు బాధించునో ఆయన ఆనాడే వ్రాసెను. కఱ్ఱదుమ్ము మాట బయటపడుటకు మాత్రము ఇంకను రెండువందల యేండ్లకు పైగ పట్టినది. ఇంగ్లండులో హైవికోం అను ఊరు కుర్చీల తయారీకి ప్రసిద్ధము. ముక్కు లోపలి గూళ్లలో వచ్చు ఒకానొక అరుదైన పుట్టకురుపు అచ్చటి కఱ్ఱసామానుల పనివారిలో హెచ్చుగ కనబడుచున్నదని ఎస్మే హాడ్‌ఫీల్డు అను వైద్యురాలు గమనించెను. ఆమెయు, ఆచెసన్ మొదలగువారును కలిసి 1968లో ఆ సంగతిని బ్రిటిషు మెడికల్ జర్నలులో ప్రకటించిరి. 1995లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కాన్సరు పరిశోధన సంస్థ కఱ్ఱదుమ్మును మనుష్యులకు కాన్సరు కలిగించునని నిశ్చయమైన పదార్థముల మొదటి తరగతిలో చేర్చినది. భయపెట్టుటకు మేమిది చెప్పుటలేదు. ఆ రోగము అరుదైనదే. ఏండ్ల తరబడి పీల్చినవారికే వచ్చునది. కాని దగ్గు, ఉబ్బసము, ముక్కు కారుట, కన్నులమంట అరుదైనవి కావు. టేకుపొడికి కొందఱి చర్మము దద్దురు లెక్కును. ఇక ఎం.డి.ఎఫ్. పలకల సంగతి వేఱు. అది పీచును జిగురుతో కలిపి అదిమిన పలక. దానిని రౌటరుతో కోసినపుడు వచ్చునది పిండివంటి మెత్తని పొడి, అందులో ఆ జిగురును ఉండును.

తువ్వాలు ముక్కునకు కట్టుకొని పనిచేయుట మనవారి అలవాటు. అది పేళ్లను ఆపునుగాని మెత్తని దుమ్మును ఆపదు. ఎన్-95 అను గుర్తుగల ముసుగు, అంచులలో సందులేక ముఖమునకు అతుకుకొన్నచో, ఆపును. అయితే ముసుగు పనివానినే కాపాడును; గోడ కావలివారిని కాపాడదు.

ఇక గొట్టము సంగతి. దీపమును మూరెడు దూరమునుండి ఊది ఆర్పగలము. అదే దూరమునుండి గాలిని లోనికి పీల్చి ఆర్పజూడుడు, జ్వాల కదలదు. ఊదిన గాలి ధారగా పోవును. పీల్చిన గాలి అన్నివైపులనుండి వచ్చును. అందుచే పీల్చుగొట్టము నోటినుండి ఆ గొట్టపు వెడల్పంత దూరము జరుగునప్పటికే గాలివడి నోటియొద్ద నున్నదానిలో పదవవంతునకు పడిపోవును. నాలుగంగుళముల గొట్టమును బిట్టునకు జానెడు దూరములో పెట్టి యంత్రము లాగుటలేదని విసుగుకొనువారిని మేమెఱుగుదుము. లోపము యంత్రమునందు కాదు, గొట్టపు నోరున్న చోటునందు.

రౌటరు బల్లకు దుమ్ము పోవు దారులు రెండు. కఱ్ఱ అంచును తీర్చునపుడు పొడి అధికభాగము ఆనుపట్టె వెనుకకు ఎగురును. కావున ఆనుపట్టెకు నడుమ బిట్టు ఇముడునంత సందు వదలి, ఆ సందు వెనుక చిన్న పెట్టెవలె మూసి, దానికి రెండున్నర అంగుళముల గొట్టము తగిలింపవలెను. ఆనుపట్టె రెండు రెక్కలను బిట్టునకు దగ్గఱగ జరుపుకొన్నకొలది గాలి ఆ సందులోనుండియే పరుగెత్తును. పొడి దానితోకూడ పోవును. సగము పని దీనితో నెఱవేఱును.

గాడి తీయునపుడు ఇది యక్కఱకు రాదు. బిట్టు కఱ్ఱ అడుగున దాగియుండును. మీద కఱ్ఱ, ప్రక్కల గాడి గోడలు. పొడి పోవుటకు క్రిందిదారి యొక్కటే. అది బల్ల అడుగునకు, మోటారుమీదికి కురియును. ఆనుపట్టెకు గొట్టము తగిలించి తృప్తిపడినవారి బల్ల అడుగున వంగి చూచినచో ఈ కుప్ప కనబడును. దీనికి విరుగుడు మోటారుచుట్టు ఒక పెట్టె. ప్లైవుడ్డుతో బల్లకాళ్లనడుమ దీనిని కట్టవచ్చును. వెనుకవైపు అడుగున నాలుగంగుళముల గొట్టము. లోపలి నేల గొట్టమువైపు గరాటువలె వాలుగా ఉండవలెను. మూలలు మిగిల్చినచో పొడి అచ్చటనే గూడుకట్టుకొనును.

ఇచ్చట ఒక మెలకువ కలదు. మోటారు తన వేడిని తానే చల్లార్చుకొనును. దాని లోపలి పంకా బిట్టునకు ఎదుటి కొననుండి గాలిని లోనికి లాగి బిట్టువైపు విడుచును. తలక్రిందులుగ వ్రేలాడదీసినపుడు ఆ గాలిని లాగు కొన పెట్టె అడుగువైపు ఉండును. పెట్టెను గాలి చొరకుండ మూసినచో మోటారు దుమ్ముగాలినే మరల మరల పీల్చి వేడెక్కి చెడును. కావున పెట్టె తలుపున గొట్టమునకు ఎదురుగ, మోటారుతల ఎత్తున, ఒక కన్నము వదలవలెను. నాలుగంగుళముల గొట్టమునకు మూడంగుళముల వెడల్పు, నాలుగంగుళముల పొడవుగల కన్నము సరిపోవును; రెండింటి వైశాల్యము ఇంచుమించు సమానము. బయటి మంచిగాలి ఆ కన్నమున చొచ్చి, మోటారును తాకి, పొడిని ఊడ్చుకొని గొట్టమున పోవును. తలుపునకు ఒక జారుపలక పెట్టుకొన్నచో కన్నమును పెంచుటకు తగ్గించుటకు వీలుండును. వేసవిలో, వోల్టేజి పడిపోయి మోటారు ఎక్కువ వేడెక్కు దినములలో, కొంచెము పెంచుకొనుట మేలు.

గాలి లాగు యంత్రములు రెండు తెఱగులు. ఇల్లు ఊడ్చు వాక్యూము యంత్రము ఒకటి. అది చిమ్మనగ్రోవివంటిది: ధార సన్నము, వడి ఎక్కువ. పెద్ద రెక్కల పంకాగల దుమ్ముసంచి యంత్రము రెండవది. అది చెఱువు తూమువంటిది: నీరు మెండు, ఒత్తిడి తక్కువ. గొట్టములో పొడి అడుగున పడక కొట్టుకొనిపోవుటకు గాలి నిముషమునకు సుమారు 4,000 అడుగుల వడితో పోవలెనని ఈ పనిలో ఒక లెక్క. ఆ వడికి నాలుగంగుళముల గొట్టమున నిముషమునకు సుమారు 350 ఘనపుటడుగుల గాలి కావలెను. రెండున్నర అంగుళముల గొట్టమునకు సుమారు 136 చాలును. వాక్యూము యంత్రమును నాలుగంగుళముల గొట్టమునకు కట్టినచో గాలి చాలక పొడి దారిలోనే పడును. తూమువంటి యంత్రమునకు సన్నగొట్టము తగిలించినచో అది ఉక్కిరిబిక్కిరియై ఏమియు లాగజాలదు. పనివారు తఱచుగ తారుమారు చేయునది ఇదియే. వాక్యూము యంత్రము మాత్రమే యున్నవారు రెండు దారులను ఒక్కసారి నడుపబూనక, అంచు పనికి ఆనుపట్టెకును, గాడి పనికి క్రింది పెట్టెకును సన్నగొట్టమును మార్చుకొనుట మంచిది. పెద్ద యంత్రమున్నవారు నాలుగంగుళముల గొట్టమును పెట్టెకు నడిపి, దానినుండి ఒక పాయను ఆనుపట్టెకు తీయవచ్చును. ముడుతలుగల మెత్తని గొట్టము ఎంత పొడవైన అంత గాలిని తినును. వంపులు తక్కువగ, నున్నని గొట్టము ఎక్కువగ వాడవలెను.

యంత్రమునకు ముందు ఒక పీపా పెట్టుట మిక్కిలి లాభకరము. కళ్లములో మన రైతులు చేటతో తూర్పారబట్టుచుందురు. బరువైనది దగ్గఱ రాలును, పొల్లు దూరము పోవును. ఇచ్చట చేయునదియు అదియే. ఎదురుగాలికి బదులు సుడిగాలి. గాలిని పీపాలోనికి ప్రక్కనుండి, గోడ నొరసికొని పోవునట్లు విడిచినచో అది గిరగిర తిరుగును. బరువైన పేళ్లును పొడియు గోడకు తగిలి అడుగునకు జారును. గాలి నడిమి గొట్టమున పైకి పోవును. ఈ తంత్రమునకు అమెరికాలో జాన్ ఫించ్ అనునతడు 1885లో పేటెంటు పొందెను. నేటి పిండిమరలనుండి సిమెంటు కర్మాగారములవఱకు దీని సంతతియే. పీపా మూత గట్టిగ బిగియవలెను. అడుగున సూదిబెజ్జమంత సందున్నను గాలి అందుండి చొచ్చి, పడిన పొడిని లేపి పైకి పంపును. పలుచని ప్లాస్టిక్కు పీపా గొట్టమునకు అడ్డు తగిలినపుడు లోనికి నలిగిపోవును. పాత ఇనుప నూనెపీపా అట్లు కాదు.

సుడిగాలి పీపా ముతక పొడిని పట్టునేగాని అతి సూక్ష్మమైనదానిని పట్టలేదు. ఆ పని యంత్రపు సంచిది. చౌక యంత్రములతో వచ్చు గుడ్డసంచులు కొన్ని 30 మైక్రానులకు లోబడిన దుమ్మును ఇంచుమించు యథాతథముగ వదలివేయును. అట్టిది దుమ్మును ప్రోగుచేయు యంత్రము కాదు. ముతకదానిని దాచుకొని మెత్తనిదానిని జల్లించి ఇంటిలో చల్లు యంత్రము. 1 మైక్రాను వఱకు ఆపు వడపోత గుడ్డను అడిగి కొనవలెను. అంతకంటె సులభమైన మార్గము తనకల్లువంటి ఊరివారికి కలదు. చలిదేశములలో గదిని కాచిన వేడి పోవునని జంకి గాలిని మరల లోనికే వదలుదురు. మనకా జంకు లేదు. యంత్రమును పెరటి గోడ కావల ఒక చిన్న రేకుకప్పు క్రింద నిలిపి, గొట్టము మాత్రము గోడలోనుండి తెచ్చినచో వడపోతను తప్పించుకొన్న దుమ్మును, యంత్రపు రొదయును రెండును బయటనే యుండును. గదిలోనికి గాలి వచ్చుటకు ఒక కిటికీ తెఱచియుంచవలెను. ఆషాఢపు గాలి ఈ మిట్టలమీద పడమటినుండి విసరును. కావున యంత్రపు నోరు తూర్పునకుండుట మేలు. అయినను తూర్పున పొరుగువారి వాకిట వేరుసెనగకాయలు ఎండుచున్నవేమో చూచుకొనవలెను. ఇంటి దుమ్మును పొరుగింటికి పంపుట ఉపాయము కాదు.

పొడిగాలి ప్రాంతమునకు ప్రత్యేకమైన చిక్కు మఱియొకటి. ప్లాస్టిక్కు గొట్టమున పొడి ఒరసికొని పోవునపుడు విద్యుత్తు పుట్టి గొట్టముమీద నిలుచును; తాకినపుడు చేయి చిమచిమలాడును. ఆ ఉలికిపాటున చేయి బిట్టుమీదికి జరుగుటయే ఇందలి అపాయము. గొట్టముపొడవున చుట్లుగ రాగితీగ చుట్టి భూమితీగకు కలిపినచో ఈ బాధ చాలవఱకు తగ్గును. గొట్టము ప్రేలిపోవునని కొందఱు భయపడుదురు. పెద్ద కార్ఖానాలలో కఱ్ఱదుమ్ము ప్రేలుట నిజమే. ఇంటి యంత్రములో అది మిక్కిలి అరుదు. నిప్పు మాత్రము అరుదు కాదు. పాత ఇండ్లు విప్పిన దూలములలో మేకులు దాగియుండును. బిట్టు మేకును తాకినపుడు లేచిన నిప్పురవ్వ సంచిలో చేరి, గంటలకొలది లోలోపల రాజుకొని, అర్ధరాత్రి మండవచ్చును. కాన పాతకఱ్ఱను మొదట వెదకి మేకులు పెఱుకవలెను. సంచిని పీపాను ప్రతిసాయంకాలము ఖాళీ చేసి ఆ పొడిని ఇంటికి దూరముగ ఉంచవలెను. ఆ చోట బీడీ వెలిగింపరాదని వేఱుగ చెప్పనేల?

కరెంటు సంగతియు చూచుకొనవలెను. 1,600 వాట్ల రౌటరు సుమారు 7 ఆంపియర్లు, ఒక అశ్వశక్తి దుమ్ముయంత్రము సుమారు 5 ఆంపియర్లు లాగును. రెండును కలిసిన 12. దీపములకును పంకాలకును పెట్టిన 6 ఆంపియర్ల ప్లగ్గు ఈ బరువునకు చాలదు. 16 ఆంపియర్ల ప్లగ్గులకు మీటరుకడనుండి వేఱుతీగ లాగించుకొనవలెను. మొదలుపెట్టునపుడు మోటారు ఇంకను ఎక్కువ లాగును గనుక రెండింటిని ఒక్కసారి నొక్కరాదు. ముందు దుమ్ముయంత్రము, అది పూర్తివడి అందుకొన్నపిమ్మట రౌటరు. ఆపునపుడు రౌటరు ముందు. దుమ్ముయంత్రమును మఱి రెండు నిముషములు తిరుగనీయవలెను.

ఏర్పాటు సరిగ పనిచేయుచున్నదా లేదా యని తెలిసికొనుటకు ఖరీదైన కొలతపరికరములు లేకున్నను ఒక మార్గము కలదు. చీకటిపడినపిమ్మట గదిలో దీపము లార్పి, పని ముగిసిన పది నిముషములకు ఒక టార్చిలైటును అడ్డముగ వెలిగింపుడు. కాంతిలో రేణువులు కుప్పలుగ తేలాడుచున్నచో దుమ్ము ఎచ్చటనో తప్పించుకొనుచున్నది. బిట్టునకు చుట్టునున్న కన్నము మిక్కిలి వెడల్పుగనున్నదేమో, ఆనుపట్టె రెక్కలు దూరముగ నున్నవేమో, పీపామూత సందిచ్చుచున్నదేమో, ఈ వరుసలో చూడవలెను. మిగిలిన దుమ్మును తడిగుడ్డతో తుడువుడు. గాలిపంపుతో ఊది శుభ్రము చేయువారు గోడమీది దుమ్మును ముక్కులోనికి పంపుకొనుచున్నారు.

పీపాలో చేరిన వేప, తుమ్మ, టేకుపొడి పొట్టుపొయ్యికి చక్కని వంటచెఱకు. డబ్బాలో నడుమ సీసానుంచి చుట్టు దట్టించి, సీసా తీసి, అడుగున నిప్పంటించినచో పూట వంట ముగియును. ప్లైవుడ్డుపొడిని, ఎం.డి.ఎఫ్. పొడిని, రంగుపూసిన పాతకఱ్ఱల పొడిని మాత్రము ఇందులో కలుపరాదు. వానిలోని జిగురులును రంగులును పొగతో కలసి వంటయింటిలోనే వ్యాపించును. ఆ పలకలు కోయుదినమున పీపాను ముందుగ ఖాళీ చేసికొని, ఆనాటి పొడిని వేఱు సంచిలో కట్టివేసిన ఇల్లాలికి ఏ పొడి పొయ్యికి తగినదో విచారింపవలసిన పనియుండదు.